అరుదైన ఇంటిపేరుకు ప్రముఖుల జాబితా కట్టడం ఎలా

ఒకే ఇంటిపేరున్న ప్రముఖులను ఒకచోట చేర్చడం పైకి చూస్తే గంట పని. పేరు కొట్టి వెతకడం, వచ్చినవాళ్లను వరసలో పెట్టడం, అంతే కదా అనిపిస్తుంది. అలా కట్టిన జాబితాల్లో రెండు తప్పులు దాదాపు ఖాయం. ఆ ఇంటిపేరు కానివాళ్లు లోపల ఉంటారు, ఆ ఇంటిపేరువాళ్లు బయట ఉంటారు. తెలుగులో ఇంటిపేరు ముందుంటుంది గానీ, ముందున్నదల్లా ఇంటిపేరు కాదు. అందుకే వెతకడానికి పెట్టే సమయం కన్నా, దొరికిన పేరులో ఏ ముక్క ఏమిటో తేల్చుకోవడానికి ఎక్కువ సమయం పెట్టుకోండి.

ఒక పేరు పట్టుకుని చూద్దాం: శ్రీపాద

ఈ మాట కొట్టగానే ముగ్గురు పెద్దలు వస్తారు. రామాయణ భారత భాగవతాలు మూడింటినీ తెనిగించిన కృష్ణమూర్తిశాస్త్రి (1866–1960), గోదావరి నుడికారానికి పెట్టింది పేరైన కథకుడు సుబ్రహ్మణ్యశాస్త్రి (1891–1961), వృత్తికి వైద్యుడై కర్ణాటక సంగీతంలో గురువులకు గురువైన పినాకపాణి (1913–2013). ముగ్గురికీ శ్రీపాద ఇంటిపేరే. ఇంతవరకు చిక్కేమీ లేదు.

ఇంకో రెండు పేజీలు ముందుకు వెళ్తే కమ్యూనిస్టు నాయకుడు శ్రీపాద అమృత్ డాంగే (1899–1991), వేద పండితుడు శ్రీపాద దామోదర్ సాత్వలేకర్ (1867–1968) కనిపిస్తారు. మరాఠీ పేరులో వరస వేరు: మొదట సొంత పేరు, తర్వాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు. కాబట్టి వీళ్ల ఇంటిపేర్లు డాంగే, సాత్వలేకర్. వీళ్లను తెలుగు శ్రీపాదలతో కలిపి అక్షరక్రమంలో పేర్చారనుకోండి, అమృత్ డాంగే అ దగ్గర, కృష్ణమూర్తిశాస్త్రి క దగ్గర బుద్ధిగా కూర్చుంటారు. చూసేవాళ్లకు అందరూ ఒక్క ఇంటివాళ్లే అనిపిస్తుంది.

అక్కడితో అయిపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు స్పీకరుగా చేసిన దుద్దిళ్ల శ్రీపాదరావు ఉన్నారు. ఆయన తెలుగువారే అయినా శ్రీపాదరావు సొంత పేరు, దుద్దిళ్ల ఇంటిపేరు. దత్త సంప్రదాయంలో పూజలందుకునే పిఠాపురం శ్రీపాద శ్రీవల్లభుల పేరులో ఆ మాట ఇంటిపేరు కాదు. శ్రీలంకలో శ్రీపాద ఒక కొండ.

ఇలాంటి మాట దొరికితే కాగితం మీద నాలుగు గళ్లు గీసుకోండి. ఇంటిపేరుగా ఉన్నవాళ్లు, సొంత పేరుగా ఉన్నవాళ్లు, సొంత పేరులో ఒక భాగంగా ఉన్నవాళ్లు, మనుషులు కానివి. దొరికిన ప్రతి పేరూ ముందు ఏదో ఒక గడిలో పడాలి. గడి తేలని పేరు జాబితాలోకి వెళ్లకూడదు. చివరికి అచ్చుకు వెళ్లేటప్పుడు మొదటి గడి అసలు జాబితా అవుతుంది. రెండోది విడి శీర్షిక కింద వస్తుంది. మూడు, నాలుగు గళ్లకు అడుగున ‘ఇవి కూడా చూడండి’ అని ఒక్కో ముక్క చాలు.

పొడి అక్షరాలు

తెలుగు పేర్లలో అన్నిటికన్నా ఎక్కువ తప్పులు ఇక్కడే. పొడి అక్షరం ఇంటిపేరుదే అయి ఉంటుందని నమ్మకండి. ఇంటిపేరుదే అయినా, ఏ ఇంటిపేరో ఆ అక్షరాన్ని చూసి ఊహించకండి.

‘సి.’ అన్న ఒక్క అక్షరమే తీసుకుందాం. సి.నారాయణరెడ్డిది సింగిరెడ్డి. సి.ఆర్.రెడ్డిది కట్టమంచి. సి.పుల్లయ్యది చిత్తజల్లు. స, క, చ మూడూ ఇంగ్లిషులో ఒకే అక్షరం కింద దూరి, తిరిగి తెలుగులోకి ‘సి’గా వచ్చాయి. కట్టమంచి జాబితా కట్టేవాడు ‘కె’ కింద ఎంత వెతికినా కట్టమంచి రామలింగారెడ్డి (1880–1951) దొరకడు. వి.నాగయ్యలోని ‘వి’ ఉప్పలదడియం. ఇంటిపేరును ఇంగ్లిషులో వుప్పలదడియం అన్నట్టు రాయడం వల్ల వచ్చిన అక్షరం అది. ఆయన పేరు ముందు కనిపించే చిత్తూరు ఊరు పేరే తప్ప ఇంటిపేరు కాదు.

ఎల్.వి.ప్రసాద్ సంగతి ఇంకా విచిత్రం. పొడి అక్షరాలు రెండూ సొంత పేరులోవే. పూర్తి పేరు అక్కినేని లక్ష్మీ వరప్రసాదరావు (1908–1994). ఇంటిపేరు ఎక్కడా బయటికి కనిపించదు. అక్కినేని జాబితాలో ఆయన లేకపోతే ఆ జాబితా సగమే.

తమిళ పద్ధతి పేర్లలో పొడి అక్షరం తండ్రి పేరుది. సి.వి.రామన్ (1888–1970) పేరులో మొదటి ముక్క చంద్రశేఖర, అది తండ్రి పేరు. ఆయన అన్న కొడుకు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ (1910–1995) పేరులో చంద్రశేఖర్ సొంత పేరు, సుబ్రహ్మణ్యన్ తండ్రి పేరు. ఇద్దరికీ నోబెల్ వచ్చింది, ఇద్దరి పేర్లలోనూ చంద్రశేఖర్ ఉంది, ఇద్దరికీ అది ఇంటిపేరు కాదు. విదేశీ సూచికలు చివరి ముక్కను ఇంటిపేరుగా లెక్కేసి వరసలో పెడతాయి. వాటిని చూసి రాస్తే ఆ తప్పు మీ జాబితాలోకి దిగుమతి అవుతుంది.

పొడి అక్షరాన్ని విప్పడానికి పనికొచ్చే ఆధారాలు మూడు. ఆ మనిషి సొంత పుస్తకం లోపలి ముఖపత్రం, అన్నదమ్ములదో తండ్రిదో పూర్తి పేరు, జీవితచరిత్రలోని మొదటి పేజీ. మూడింటిలో కనీసం ఒకటైనా చేతిలో ఉంటేనే విప్పండి. లేకపోతే పొడి అక్షరాన్ని అలాగే వదిలేయడం మేలు.

దాక్కున్నవాళ్లు

కలంపేరుతోనో తెరపేరుతోనో బతికినవాళ్లు వెతుకులాటలో అసలు తగలరు. సత్తిరాజు అని వెతికితే బాపు రాడు, ఆయన సత్తిరాజు లక్ష్మీనారాయణ (1933–2014). కిళాంబి జాబితాకు ఆత్రేయ (1921–1989), భాగవతుల జాబితాకు ఆరుద్ర (1925–1998) అలాగే కావాలి. ఇలాంటివాళ్లను పట్టుకోవడానికి తిరగేసి వెతకాలి. ఇంటిపేరుతో మొదలుపెట్టకుండా, కలంపేర్ల పట్టిక ఒకటి తీసుకుని అందులో ప్రతి అసలు పేరునూ మీ ఇంటిపేరుతో పోల్చుకుంటూ పోవాలి. విసుగు పుట్టే పనే గానీ దీనికి అడ్డదారి లేదు.

దత్తత వెళ్లినవాళ్లకు రెండు ఇంటిపేర్లు. శ్రీశ్రీ పుట్టింది పూడిపెద్ది వారింట, పెరిగింది శ్రీరంగం వారి బిడ్డగా. చలం పుట్టినప్పటి ఇంటిపేరు కొమ్మూరి, దత్తతతో గుడిపాటి. ఏ ఇంటిపేరుతో లోకానికి తెలుసో ఆ జాబితాలో పూర్తి పద్దు రాయండి. పుట్టింటి పేరు జాబితాలో ‘పుట్టుకతో ఈ ఇంటిపేరు’ అని ఒక్క వాక్యం ఉంచండి. రెండు చోట్లా పూర్తిగా రాస్తే, తర్వాత ఎవరో ఒకచోట మాత్రమే దిద్దుతారు, రెండూ పొంతన లేకుండా పోతాయి.

స్త్రీల పేర్లకు ఇదే సూత్రం, ఇంకాస్త జాగ్రత్తతో. దుర్గాబాయి (1909–1981) దేశ్‌ముఖ్ అయింది 1953లో పెళ్లి తర్వాతే. భానుమతి పేరు చివర ఉన్న రామకృష్ణ భర్త సొంత పేరు. ముందున్న ‘పి’ ఆయన ఇంటిపేరు పాలువాయి. పుట్టింటి ఇంటిపేరు బొమ్మరాజు. పాత పుస్తకాల్లో రచయిత్రుల పేర్లు పెళ్లికి ముందొకటి, తర్వాతొకటిగా అచ్చయి, ఒకే మనిషి రెండు పద్దులుగా మిగిలిన సందర్భాలకు లెక్కలేదు. జాబితాలో ఇద్దరు స్త్రీలకు ఒకే సొంత పేరు, ఒకే కాలం కనిపిస్తే ఒకరేనేమో అని ముందు అనుమానించండి.

ఇంటిపేరులా కనిపించే బిరుదులు, బృందాల పేర్లు కూడా చూసుకోవాలి. సురభి కమలాబాయిలో సురభి నాటక సమాజం పేరు. ఆ సమాజానికి ఆ పేరు కడప జిల్లాలోని ఊరి నుంచి వచ్చింది. సమాజం పెద్ద వనారస గోవిందరావు ఇంటిపేరు వనారస. జంటకవుల దగ్గర మరీ తికమక. పింగళి కాటూరి కవులు అన్నప్పుడు రెండూ ఇంటిపేర్లు. తిరుపతి వేంకట కవులు అన్నప్పుడు రెండూ సొంత పేర్లే, ఇంటిపేర్లు దివాకర్ల, చెళ్లపిళ్ల.

రాతలో తేడాలు

వెతకడం మొదలుపెట్టే ముందే ఇంటిపేరును ఎన్ని రకాలుగా రాసే వీలుందో ఒక కాగితం మీద వేసుకోండి. తెలుగులో తరచు మారేవి ఇవి: ళ్ళ, ళ్ల (చెళ్ళపిళ్ళ, చెళ్లపిళ్ల), ఱ, ర, ఎ, యె, య (ఎల్లాప్రగడ, యల్లాప్రగడ), ఉ, వు, సున్నా బదులు న్ లేదా మ్. ఒక్కో ఇంటిపేరుకు నాలుగు నుంచి ఎనిమిది రూపాలు తేలడం మామూలే. ఇంగ్లిషు రాత కోసం మరో అరడజను రాసుకోండి. యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) పేరు చివర ఇంగ్లిషులో ‘రావు’కు వాడే మామూలు అక్షరాలు ఉండవు, ఆయన వేరేగా రాసుకున్నాడు. మామూలు అక్షరాలతో వెతికితే ఆయన పరిశోధన పత్రాలు జారిపోతాయి.

రూపాలు కలుపుకోవచ్చు గానీ వేరే ఇంటిపేర్లను కలపకూడదు. యల్లాప్రగడ, ఎర్రాప్రగడ చెవికి దగ్గరగా ఉన్నా రెండు వేర్వేరు ఇంటిపేర్లు. అడివి అన్న ఇంటిపేరును అచ్చుతప్పు అనుకుని అడవిగా దిద్దేవాళ్లు ఉంటారు. అడివి బాపిరాజు (1895–1952) అలా ఎన్నోసార్లు అడవుల పాలయ్యాడు. అందుకే ‘అడవి’ రూపంతో కూడా వెతకండి, కానీ జాబితాలో అడివి అనే రాయండి.

కంప్యూటరులో కంటికి కనిపించని తేడాలు రెండున్నాయి. ‘జిత్‌మోహన్’ లాంటి పేర్లలో త్ తర్వాత ఒత్తు పడకుండా ఆపే అదృశ్య అక్షరం ఒకటి ఉంటుంది. అది ఉన్న పేరు, లేని పేరు కొన్ని వెతుకులాటల్లో వేర్వేరు. ఐత్వం ఉన్న అక్షరాన్ని ఒకే గుర్తుగానూ, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ టైపు చేయవచ్చు, తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. కళ్లెదుట పేరుండి వెతుకులాటలో రాకపోతే, కనిపిస్తున్న పేరునే కాపీ చేసి వెతుకులాట పెట్టెలో అతికించి చూడండి.

ఎక్కడ వెతకాలి

మామూలు మాటే ఇంటిపేరైతే నేరుగా వెతకడం వృథా. తాపీ అని కొడితే తాపీ మేస్త్రీలు, తాపీగా నడిచేవాళ్లు, తాపీ నది అన్నీ వస్తాయి. తాపీ ధర్మారావు (1887–1973), ఆయన కొడుకు దర్శకుడు తాపీ చాణక్య (1925–1973) మధ్యలో ఎక్కడో చిక్కుకుంటారు. ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) ఇంటిపేరుదీ ఇదే కష్టం. ఇలాంటప్పుడు ఇంటిపేరు పక్కన రావు, శాస్త్రి, శర్మ, నాయుడు, రెడ్డి, అమ్మ, దేవి లాంటి ముగింపులు ఒక్కొక్కటీ చేర్చి వెతకండి. ‘తాపీ వారు’, ‘ద్వారం వారి’ అన్న గౌరవ రూపాలు కూడా బాగా పనికొస్తాయి, మేస్త్రీల గురించి ఎవరూ అలా రాయరు.

ఇంటిపేరే ఊరి పేరు అయితే ఊరు ముందు వస్తుంది. ఘంటసాల కృష్ణా జిల్లాలో బౌద్ధ శిథిలాలున్న ఊరు. దాన్ని దాటితే గాయకుడు వెంకటేశ్వరరావు (1922–1974) మిగతావాళ్లందరినీ కప్పేస్తాడు. దర్శక నిర్మాత ఘంటసాల బలరామయ్య (1906–1953) కావాలంటే గాయకుడి పేరున్న ఫలితాలను తీసేసి చూడాలి.

వికీపీడియాకు తోడుగా నడిచే సమాచార నిల్వ వికీడేటాలో ఇంటిపేరుకు పి734, సొంత పేరుకు పి735 అన్న విడి గుణాలున్నాయి. మొదటి విడతకు మంచి సాధనమే. అయితే తెలుగువాళ్ల పేర్లలో ఇవి చాలాచోట్ల ఖాళీగానో తలకిందులుగానో ఉంటాయి కాబట్టి అక్కడ వచ్చిన సంఖ్యను నమ్ముకోవద్దు. ఆ తర్వాత పద్మ పురస్కారాల జాబితాలు, సాహిత్య అకాడమీ జాబితాలు, చట్టసభల సభ్యుల పట్టికలు, గ్రంథాలయ సూచికలు వరసగా చూడండి. స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాల నిల్వల్లో లోపలి అక్షరాలు వెతుకులాటకు సరిగా అందవు. అక్కడ పుస్తకం పేరు, రచయిత పేరు ఇంగ్లిషు అక్షరాల్లో ఇష్టమొచ్చినట్టు టైపు చేసి ఉంటాయి. మీరు రాసుకున్న ఇంగ్లిషు రూపాలన్నీ అక్కడ ఒక్కొక్కటిగా వేయాల్సిందే.

ఎవరు లోపల, ఎవరు బయట

ఆ మనిషితో సంబంధం లేనివాళ్లు అచ్చువేసిన ఆధారాలు కనీసం రెండు ఉండాలి. సొంత వెబ్‌సైటు, సన్మాన సంచిక, పుస్తకం అట్ట వెనక పరిచయం లెక్కలోకి రావు. అరుదైన ఇంటిపేరుకు మనుషులు తక్కువగా దొరుకుతారు కాబట్టి సంఖ్య పెంచాలన్న యావ పుడుతుంది. ముగ్గురే ఉంటే ముగ్గురితోనే ఆపండి. ఇద్దరే ఉంటే జాబితా అక్కర్లేదు, ఒకరి పేజీ నుంచి ఇంకొకరికి దారి చూపే వాక్యం సరిపోతుంది.

ఒకే ఇంటిపేరు కాబట్టి చుట్టాలని రాయకూడదు. తండ్రీ కొడుకులు గిడుగు రామమూర్తి (1863–1940), గిడుగు సీతాపతి అయినా, అన్నదమ్ములు దాశరథి కృష్ణమాచార్య, దాశరథి రంగాచార్య అయినా, ఆధారం చూసే రాయాలి. ఇంటిపేరును బట్టి కులం రాయడం అసలే వద్దు. ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో ఉండటం తెలుగునాట సర్వసాధారణం. పైగా పాఠకుడికి కావలసింది ఈ మనిషి ఎవరన్నదే. బతికున్నవాళ్ల విషయంలో పుట్టినతేదీ, ఊరు, కుటుంబం జోలికి పోకుండా సంవత్సరం, చేసిన పని వరకే ఉంచండి.

ఇంటిపేరుకు అర్థం చెప్పాలన్న సరదా అందరికీ ఉంటుంది. పల్లి, పూడి, పర్తి, కూరి చివర ఉంటే ఊరి నుంచి వచ్చి ఉండవచ్చు. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉన్న ఊరే. కానీ కందుకూరి అంటే ఏ కందుకూరు? ఆ పేరుతో ఊళ్లు ఒకటి కన్నా ఎక్కువ. వంశంవాళ్లు చెప్పుకున్న కథ అచ్చులో ఉంటే ‘అని చెప్పుకుంటారు’ అని రాయండి. లేకపోతే అర్థం జోలికి పోకుండా వదిలేయండి.

పద్దు రాయడం

ఒక మనిషికి ఒక వరస, పన్నెండు మాటలు మించకుండా. పూర్తి పేరు, బ్రాకెట్లో సంవత్సరాలు, కామా, ఏ పనివల్ల తెలుసో అది. ఇలా:

శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి (1866–1960), కవి, ఆంధ్ర ఆస్థానకవి
శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (1891–1961), కథా రచయిత
శ్రీపాద పినాకపాణి (1913–2013), కర్ణాటక సంగీత విద్వాంసుడు, వైద్యుడు

‘ప్రఖ్యాత’, ‘సుప్రసిద్ధ’, ‘మహా’ తీసేయండి, జాబితాలో ఉన్నవాళ్లందరూ ప్రఖ్యాతులే కదా. ఇద్దరికి ఒకే వృత్తి ఉంటే తేడా చూపే మాట తప్పనిసరి. ఇద్దరికీ ‘కవి’ అని ఉంటే పాఠకుడు మళ్లీ మొదటికొస్తాడు. పేరు కూడా అచ్చంగా ఒకటే అయితే సంవత్సరం, వృత్తి రెండూ పేరు పక్కనే ఉండాలి. తాత పేరు మనవడికి పెట్టుకునే ఇళ్లలో ఇది తరచు ఎదురవుతుంది. కొమ్మూరి సాంబశివరావు అంటే డిటెక్టివ్ నవలల రచయిత. చలం కన్నతండ్రి పేరు కూడా అదే.

ఇరవైమంది లోపైతే పుట్టిన సంవత్సరం వరస బాగుంటుంది, తరాలు కంటికి కనిపిస్తాయి. అంతకు మించితే సొంత పేరు అక్షరక్రమం పెట్టండి. ఇంటిపేరు అందరికీ ఒకటే కాబట్టి క్రమం రెండో మాట నుంచి మొదలవుతుంది.

సంవత్సరాల దగ్గర ఒక ఉచ్చు ఉంది. పాత జీవితచరిత్రల్లో ‘ప్రభవ సంవత్సర మాఘమాసం’ అన్నట్టు ఉంటుంది. ప్రభవ 1867 ఉగాదితో మొదలైంది కాబట్టి అందరూ 1867 అని వేసేస్తారు. మాఘం వచ్చేసరికి ఇంగ్లిషు ఏడాది మారిపోయి 1868 అయింది. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది గనక 1927తో మొదలైన ప్రభవ కాదని కూడా చూసుకోవాలి. గురజాడ పుట్టిన ఏడాది 1861 అని కొందరు, 1862 అని కొందరు రాస్తారు. ఇలాంటిచోట ఒకదాన్ని వేసి, రెండోది అడుగున చెప్పండి. గీతపెట్టి రెండూ రాస్తే అది జీవితకాలమేమో అనిపిస్తుంది. వయసు లెక్క మీరు కట్టకండి. 1913 ఆగస్టులో పుట్టి 2013 మార్చిలో పోయిన పినాకపాణికి నూరేళ్లు నిండలేదు, సంవత్సరాలు తీసివేస్తే మాత్రం సరిగ్గా వంద వస్తుంది.

పూర్తయ్యాక ప్రతి పద్దులోని మనిషి పేజీకి వెళ్లి, అక్కడి నుంచి జాబితాకు తిరిగి రాగలుగుతున్నారేమో చూడండి. ముందు రాసుకున్న రూపాంతరాల్లో ఏది కొట్టినా ఈ జాబితాకే వచ్చేలా దారిమార్పులు పెట్టండి: శ్రీపాదకు దీర్ఘం పెట్టినది, పెట్టనిది, ‘శ్రీపాదవారు’ సహా. ఆర్నెల్లకోసారి బతికున్నవాళ్ల వరసలు మాత్రం చదివితే చాలు, మారేవి అవే. కొత్తగా ఎవరైనా చేర్చిన పేరు కనిపిస్తే దాన్ని ముందు ఆ నాలుగు గళ్ల కాగితం మీదికి తీసుకెళ్లండి.